దరఖాస్తులో ఆ ఒక్క గడి

2024 మే నెల. మక్తల్ వైపు ఒక చిన్న టౌనులో నెట్ సెంటర్. బయట ఎండ మండిపోతోంది. లోపల ఒకటే ఫ్యాను. డిగ్రీలో చేరడానికి దరఖాస్తు పెట్టుకునే పిల్లలు పాతిక మంది దాకా వరుసలో ఉన్నారు. నా వెంట వచ్చిన అమ్మాయికి ఇంటర్‌లో వెయ్యికి 921 మార్కులు. ప్రభుత్వ కాలేజి, తెలుగు మీడియం, హెచ్.ఇ.సి. గ్రూపు. హైదరాబాద్‌లో పేరున్న ఒక మహిళా కళాశాలలో చరిత్ర, రాజనీతిశాస్త్రం తీసుకుని బి.ఏ. చదవాలని ఆమె కోరిక. ఆ కాలేజిలో చదివిన ఒక లెక్చరర్ చెప్పగా విన్నదట. అప్పటి నుంచి ఆ పేరు నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంది.

మా వంతు వచ్చింది. కంప్యూటర్ ముందున్న కుర్రవాడు తలెత్తకుండానే అడిగాడు. "నాయన పేరేంది?"

అమ్మాయి నా వైపు చూసింది.

ఆమె తల్లి జోగిని. చిన్నప్పుడే ఊరి దేవత పేరు చెప్పి విడిచిపెట్టిన మనిషి. ఈ దురాచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. కానీ చట్టం రాకముందు విడిచిపెట్టిన వాళ్ళు, వచ్చాక కూడా చాటుమాటుగా విడిచిపెట్టిన వాళ్ళు, వాళ్ళ పిల్లలు మన మధ్యనే ఉన్నారు. ఈ అమ్మాయిని బడిలో వేసిన రోజు "ఏదో ఒకటి రాయాలె గద" అని పంతులు తండ్రి స్థానంలో మేనమామ పేరు రాశాడు. పదో తరగతి మెమోలోకి అదే ఎక్కింది. ఆధార్ కార్డులో తల్లి పేరు ఉంది. ఆదాయం సర్టిఫికెట్ తల్లి పేరు మీద వచ్చింది, అందులో ఇంటిపేరు తప్పు. కుర్రవాడు చెడ్డవాడేమీ కాదు. కాగితాలు మూడూ పక్కపక్కన పెట్టి చూసి, "మేడం, మూడిట్ల మూడు తీర్ల ఉన్నయి. సీటొచ్చినా వెరిఫికేషన్ల ఆపుతరు. సరిజేయించుకొని రాండ్రి" అన్నాడు.

సరిచేయించుకోవడానికి మాకు పదిహేడు రోజులు పట్టింది. నాలుగుసార్లు తిరిగాం. ఒక ఆఫీసులో అందరూ వింటుండగా ఒక ఉద్యోగి ఆ తల్లిని "మరి తండ్రెవరు?" అని అడిగాడు. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని, "తల్లిని నేనే సారూ, తండ్రిని నేనే. ఇంకెవర్ని తేవాలె?" అంది. ఆయన మాట్లాడలేదు. సంతకమూ పెట్టలేదు. మేం తిరిగి వచ్చేసరికి మొదటి విడత గడువు అయిపోయింది.

ఎంపిక ఎక్కడ మొదలవుతుంది?

మంచి కాలేజీల మాట వచ్చినప్పుడల్లా 'మెరిట్' అనే మాట కూడా వస్తుంది. మార్కులున్న వాళ్ళకు సీటు వస్తుంది, లేని వాళ్ళకు రాదు, ఇందులో అన్యాయమేముంది అంటారు. పదిహేనేళ్ళుగా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో, తండాల్లో ఆడపిల్లల చదువుల పని చేస్తున్న నాకు కనిపించింది వేరు. కాలేజి తన జాబితా తయారు చేసేనాటికే సగం ఎంపిక జరిగిపోయి ఉంటుంది. అది ఇంట్లో జరుగుతుంది, మండలాఫీసులో జరుగుతుంది, నెట్ సెంటర్‌లో జరుగుతుంది. అక్కడ రాలిపోయిన పిల్లల మార్కులు ఏ కాలేజీకీ చేరవు. అందుకే ఏ కాలేజి లెక్కల్లోనూ వాళ్ళు కనిపించరు.

డిగ్రీ ప్రవేశాలకు 2016లో 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. దానిలో మంచి ఉంది, కాదనను. అంతకుముందు ఒక్కో కాలేజీకి వెళ్ళి ఒక్కో ఫారం కొని నింపాల్సి వచ్చేది. ఊరు దాటని పిల్లకు పట్నంలోని కాలేజి గేటు చూడటమే కష్టం. ఇప్పుడు మొదటి విడతలో 200 రూపాయలు కట్టి, ఉన్నచోటి నుంచే రాష్ట్రంలోని కాలేజీలను వరుసగా కోరుకోవచ్చు. కానీ దానికి ఆధార్‌తో ముడిపడిన ఫోన్ నంబరు కావాలి. మన ఇళ్ళలో ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది? తండ్రి పూణేలో తాపీ పనిలో ఉంటే ఓటీపీ పూణేకి పోతుంది. అన్న చేతిలో ఉంటే అన్న దయ.

చందంపేట వైపు ఒక తండాలో జరిగింది చెబుతాను. పిల్ల దరఖాస్తు పెట్టింది. సీటు వచ్చినట్టు మెసేజ్ అన్న ఫోన్‌కు వచ్చింది. ఫలానా తేదీ లోపల ఒప్పుకోవాలి, లేకపోతే సీటు పోతుంది. అన్న చెప్పలేదు. "మర్చిపోయిన" అన్నాడు. అదే వారంలో ఆ పిల్లను చూడటానికి పెండ్లివాళ్ళు వచ్చారు. ఆ తేదీ మాత్రం అతను మర్చిపోలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఆడవాళ్ళ అక్షరాస్యత 45 శాతం లోపే. ఈనాడు డిగ్రీ దరఖాస్తు పెట్టుకుంటున్న పిల్లల తల్లులు ఆ లెక్కల్లోని ఆడవాళ్ళే. తల్లి చదవలేని ఫారాన్ని, తండ్రి చేతిలోని ఫోన్‌తో, పదిహేడేళ్ళ పిల్ల నింపుతోంది. తప్పు పడిందంటే ఆశ్చర్యం లేదు. సరిగా పడిందంటేనే ఆశ్చర్యపోవాలి.

పద్దెనిమిదేళ్ళకు రెండు ఫారాలు

మన ఇళ్ళలో ఆడపిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండుతున్నాయంటే రెండు దరఖాస్తులు ఎదురుచూస్తుంటాయి. ఒకటి డిగ్రీది, రెండోది కల్యాణలక్ష్మిది. రెండింటికీ దాదాపు ఒకే కాగితాలు: ఆధార్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్. రెండింటికీ మీసేవ చుట్టూ తిరగాల్సిందే.

కల్యాణలక్ష్మి 2014 అక్టోబర్ 2న 51 వేల రూపాయలతో మొదలైంది. 2017లో 75,116 అయింది, 2018లో 1,00,116 అయింది. పద్దెనిమిది నిండాలన్న షరతు వల్ల కొన్ని బాల్యవివాహాలు ఆగాయి. దాన్ని తీసివేయమని నేను అనను. కూలి చేసుకునే తల్లికి ఆ డబ్బు విలువ తెలుసు. పైగా ఆ చెక్కు పెండ్లికూతురి తల్లి పేరు మీద వస్తుంది. ఇక్కడే నాకు ఒక సంగతి మింగుడుపడదు. బిడ్డ పెండ్లికి తల్లి పేరు చాలింది. బిడ్డ చదువు దగ్గరికి వచ్చేసరికి తండ్రి పేరు ఎందుకు అడ్డం పడుతుంది?

తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో చెప్పింది. పెండ్లి కాని తల్లి తన బిడ్డ తండ్రి పేరు బయట పెట్టనక్కరలేదని 2015లో మరో తీర్పులో చెప్పింది. తీర్పులు ఢిల్లీ నుంచి మండలాఫీసు బల్ల దాకా రావడానికి ఎన్నేళ్ళు కావాలి? జోగిని పిల్లలు, విడిచిపెట్టిన భార్యల పిల్లలు, తాగి ఇల్లు వదిలిపోయిన తండ్రుల పిల్లలు, వీళ్ళందరికీ ఆ గడి ఒక కోర్టు బోను. తప్పు చేసిన వాళ్ళు ఎక్కడో ఉంటారు. బోనులో నిలబడేది పిల్ల.

గేటు మీద పేరు, గేటు లోపల చోటు

ఆడపిల్లల ఉన్నత చదువు మనకు ఎవరూ వడ్డించి ఇచ్చింది కాదు. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాద్‌లో తెలుగు మాధ్యమంతో బాలికల పాఠశాల పెట్టినప్పుడు నిజాం ప్రభుత్వ విద్యావ్యవస్థలో తెలుగుకు చోటు లేదు. పిల్లలు పూణేలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాయాల్సి వచ్చింది. మన ఊళ్ళో మన భాషలో చదివి, పరీక్షకు పరాయి రాష్ట్రం వైపు చూసిన పిల్లలు వాళ్ళు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1924లో, ఉస్మానియా మహిళా కళాశాల మొదలైంది. 1949లో కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది. 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

ఆ పేరు పెట్టిన రోజు నాకు సంతోషమైంది. ఐలమ్మది పాలకుర్తి. సాయుధ పోరాట కాలంలో అది నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. తాను కౌలుకు చేసిన భూమి కోసం, చేతికొచ్చిన పంట కోసం దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన మనిషి. ఆమె కాలంలో ఆమె లాంటి వాళ్ళకు ఏ కళాశాలా తలుపు తీసేది కాదు. ఈనాడు ఆమె పేరున విశ్వవిద్యాలయం ఉంది. ఐలమ్మ లాంటి తల్లుల బిడ్డలు ఆ గేటు దాటితేనే, అక్కడ మూడేళ్ళు నిలబడితేనే ఆ పేరుకు అర్థం. ఇది ఆ ఒక్క విశ్వవిద్యాలయానికి చెప్పే మాట కాదు. మన పేరుతో, మన పన్నులతో నడిచే అన్ని కాలేజీలకూ చెప్పేది.

సీటు వచ్చాక

కాగితాలు సరైతే కథ అయిపోతుందా? షాద్‌నగర్ అమ్మాయిని మనం మరచిపోకూడదు. ఆ ఊరు 2016 దాకా మన మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. తండ్రి చిన్న మెకానిక్, తల్లి బట్టలు కుడుతుంది. పిల్ల ఇంటర్‌లో 98 శాతం పైన తెచ్చుకుని, దేశంలోనే పేరున్న మహిళా కళాశాల, ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీలో గణితం ఆనర్స్‌లో చేరింది. 1956లో పెట్టిన కాలేజి అది. అక్కడ సీటు అంటే మెరిట్‌కు అంతకంటే రుజువు అక్కర్లేదు.

2020లో కరోనా వచ్చి కాలేజీ మూతపడింది. పిల్ల ఇంటికి వచ్చింది. పాఠాలు ఆన్‌లైన్‌లోకి పోయాయి. లాప్‌టాప్ కొనే స్థోమత లేదు. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైంది గానీ డబ్బు చేతికి రాలేదు. హాస్టల్ మొదటి సంవత్సరం వాళ్ళకే అన్న నిబంధన వల్ల గది ఖాళీ చేయాల్సి వచ్చింది. బయట గది తీసుకునే శక్తి ఆ ఇంటికి లేదు. అప్పటికే ఇల్లు కుదువ పెట్టారు, చెల్లెలు బడి మానేసిందని పత్రికలు రాశాయి. ఆ నవంబర్‌లో ఆ బిడ్డ ప్రాణం తీసుకుంది. ఇంటికి భారమయ్యానన్న బాధ ఆమెది.

ఇలాంటి చావుకు ఒక్క కారణం చూపించలేం, చూపించకూడదు కూడా. కానీ ఆమె చుట్టూ ఉన్న తలుపులను లెక్కపెట్టవచ్చు. సకాలంలో స్కాలర్‌షిప్, మూడేళ్ళకూ హాస్టల్, ఒక లాప్‌టాప్. ఇందులో ఏదీ దొరకని వస్తువు కాదు. అడగవలసిన సమయంలో, అడగవలసిన చోట, ఆమె తరఫున మనలో ఎవరూ లేం. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు శాలువా కప్పి ఫోటో దిగే సంఘాలం మనం. రెండో సంవత్సరంలో ఆ పిల్ల ఎలా ఉందని ఫోన్ చేసి అడిగిన వాళ్ళం ఎంతమందిమి?

మన తప్పు కూడా ఉంది

ఇది రాస్తూ నా తప్పు దాచుకోలేను. పన్నెండేళ్ళ కింద మునుగోడు వైపు ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఫ్లోరిన్ నీళ్ళకు తండ్రి నడుము వంగిపోయింది. ఇంటర్ పాసైంది. "అక్కా, బి.ఏ. చదువుత. పట్నంల మంచి కాలేజీల దరఖాస్తు పెడదమా?" అని అడిగింది. నేను ఆమె ఇంటి పరిస్థితి చూశాను. "బి.ఏ. చదివి ఏం చేస్తవు బిడ్డా? ఆరు నెలలు కుట్టు నేర్చుకో, మా సెంటర్‌ల మిషన్ ఇప్పిస్త" అన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. మిషన్ తీసుకుంది. ఇప్పటికీ కుడుతోంది, ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. నన్ను చూస్తే నవ్వుతుంది. ఆ నవ్వు ముందు నాకు తల వంగిపోతుంది.

ఆ రోజు నేను చేసింది ఏమిటి? కాలేజి చేయాల్సిన ఎంపిక నేనే చేశాను. పేద పిల్లకు కుట్టుమిషన్, కలిగినింటి పిల్లకు చరిత్ర, తత్వశాస్త్రం అని నా మనసులో ఒక జాబితా ఉంది. మన సంస్థల ప్రాజెక్టుల్లో కూడా అదే జాబితా ఉంది. టైలరింగ్, బ్యూటీషియన్, నర్సింగ్ అసిస్టెంట్, కంప్యూటర్. బతుకుదెరువు ముఖ్యం, అందులో సందేహం లేదు. కానీ భూమి ఎవరి చేతుల్లోకి ఎలా పోయింది, చట్టం ఎవరు రాశారు, కూలి రేటు ఎవరు నిర్ణయిస్తారు, దేవత పేరుతో తన తల్లిని ఎందుకు విడిచిపెట్టారు, ఈ ప్రశ్నలు అడగడం నేర్పే చదువు ఎవరికి ఎక్కువ అవసరం?

బి.ఏ. అంటే మన దగ్గర పెండ్లి కుదిరే దాకా కాలక్షేపం అన్న చిన్నచూపు ఉంది. ఇంజనీరింగ్ రానివాళ్ళ చదువు అనీ అంటారు. ఆ చదువు చెప్పే మంచి కాలేజీలో మంచి లైబ్రరీ, పూర్తికాలం అధ్యాపకులు, మగవాళ్ళు వెనకనుంచి వెక్కిరించని తరగతి గది దొరుకుతాయి. చర్చలో లేచి నిలబడి మాట్లాడటం అక్కడ నేర్చుకుంటారు. ఊళ్ళో గ్రామసభలో మన ఆడవాళ్ళు మాట్లాడాలని మనం ఏళ్ళ తరబడి శిక్షణలు పెడుతున్నాం. పద్దెనిమిదేళ్ళ పిల్లకు అదే అవకాశం మూడేళ్ళు దొరుకుతుంటే పక్కకు నెట్టేస్తున్నాం.

"అంత దూరం ఎందుకు, పక్క టౌనులో కాలేజి లేదా?" అని అడిగేవాళ్ళున్నారు. ఉంది, ఉండాలి కూడా. 2016లో రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ గురుకులాల కింద 30 మహిళా డిగ్రీ కాలేజీలు వచ్చాయి. చదువు, తిండి, నిద్ర ఒకేచోట. నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆడపిల్లలు వేలమంది వాటిలో చదువుకున్నారు. వాటిలో చాలావాటికి ఏళ్ళ తరబడి సొంత భవనాలు లేకపోయినా అవి చేసిన మేలు పెద్దది. సీటుతో పాటు హాస్టల్ ఇస్తే మన పిల్లలు నిలబడతారని అవి చూపించాయి. ఆ పద్ధతి గురుకులాలకే ఎందుకు ఆగిపోవాలి? పేరున్న ప్రతి మహిళా కళాశాలకూ ఎందుకు రాకూడదు?

ఏం అడుగుదాం, ఏం చేద్దాం

మొదటిది, తల్లి పేరు. బడి రిజిస్టరు నుంచి డిగ్రీ ప్రవేశం దాకా, తల్లి పేరు ఒక్కటే ఇచ్చినా దరఖాస్తు చెల్లాలి. కోర్టు ఇచ్చిన హక్కును ఆఫీసు గుమాస్తా ఇష్టానికి వదలకుండా, ప్రతి మండలానికీ లిఖితపూర్వకంగా ఉత్తర్వు వెళ్ళాలి.

రెండోది, హాస్టల్. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. బస్సు దిగాక రాత్రి ఎక్కడ పడుకోవాలి? సీటు ఇచ్చిన రోజే, బయటి జిల్లా పిల్లకు కోర్సు పూర్తయ్యే దాకా హాస్టల్ చోటు ఉందో లేదో కాగితం మీద చెప్పాలి.

మూడోది, డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2024లో, 2025లో ప్రైవేటు కాలేజీలే మూసివేసి సమ్మెకు దిగాయి. యాజమాన్యానికి సమ్మె చేసే బలం ఉంది. పిల్లకు ఏముంది? ఫీజు రాలేదని సర్టిఫికెట్లు ఆపేస్తే ఆమె పై చదువు అక్కడే ఆగుతుంది. ప్రభుత్వ బాకీకి పిల్ల సర్టిఫికెట్‌ను తాకట్టు పెట్టుకోవడం ఆగాలి.

ఇవి అడగవలసినవి. అడుగుతూనే మనం చేయగలిగినవీ ఉన్నాయి. దరఖాస్తుల పని మే నెలలో మొదలుపెడితే ఆలస్యమే. ఇంటర్ రెండో సంవత్సరం దసరా సెలవుల్లోనే పిల్లల కాగితాలు తెప్పించి ఒకచోట పెట్టి చూడాలి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, అన్నిట్లో ఒకటేనా? ఆధార్‌కు ఎవరి నంబరు ఉంది? తల్లి ఫోన్‌కు మార్పించవచ్చా? బ్యాంకు ఖాతా పిల్ల పేరున ఉందా? ఇది రెండు పూటల పని, ఏడాది చదువును కాపాడే పని. 2022 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయం కాలేజీల్లో ప్రవేశానికి సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి పరీక్ష ఉంది. తెలుగుతో సహా 13 భాషల్లో రాయవచ్చు. మన పల్లె జూనియర్ కాలేజీల్లో ఈ మాట చెప్పేవాళ్ళు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, సీటు వచ్చిన పిల్లకు ఆ ఊళ్ళో మన మనిషి ఒకరు ఉండాలి. నెలకొకసారి "తిన్నవా? ఫీజు సంగతేంది? మనసు మంచిగుందా?" అని అడిగే మనిషి.

ఇక ఆ అమ్మాయి సంగతి. రెండో విడతకు 400 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాం. నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్న కాలేజీలో సీట్లు అప్పటికే నిండిపోయాయి. వేరే మహిళా కళాశాలలో బి.ఏ. సీటు వచ్చింది. మొదటి విడతలోనే పెట్టి ఉంటే ఎక్కడ వచ్చేదో ఎవరూ చెప్పలేరు. చేరిన రోజు అక్కడ ఇంకో ఫారం ఇచ్చారు. అందులోనూ అదే గడి ఉంది. ఆమె నన్నడగకుండా, పెన్ను తీసుకుని, 'తండ్రి' అన్న మాట కొట్టేసి, పైన 'తల్లి' అని రాసి, తల్లి పేరు నింపింది. కౌంటర్‌లో ఉన్న ఆమె చదివి, ముద్ర వేసి పక్కన పెట్టింది. ఏమీ అడగలేదు.

ఆ ఒక్క ముద్ర ప్రతి ఆఫీసులోనూ పడాలి. మీ మండలంలో ఇలా ఆగిపోయిన దరఖాస్తులు ఎన్ని ఉన్నాయో, ఏ కాగితం దగ్గర ఆగాయో, పిల్లల పేర్లు లేకుండా రాసి పెట్టండి. అన్నీ కలిపి ఒకటే అర్జీగా తీసుకెళ్దాం. ఒక్కో పిల్ల ఒక్కతే వెళ్తే అది ఆమె ఇంటి గొడవ అంటారు. నూరుగురి పక్షాన వెళ్తే జవాబు చెప్పక తప్పదు.